మల్లేశానికి నేను డ్రైవింగ్ నేర్పిన వారం

ఒక మనిషి బతుకుదెరువుని రౌండబౌట్ మధ్యలోకి తోసెయ్యాలంటే మనం రోడ్డెక్కనక్కర్లేదు. డైనింగ్ టేబుల్ ముందు కూర్చుని, చేతిలో పకోడీ పట్టుకుని కూడా ఆ పని చెయ్యొచ్చు. నేను చేశాను. నాకు లైసెన్సు లేదు, డ్రైవింగ్ రాదు, కానీ ఆత్మవిశ్వాసం మాత్రం ఫుల్ ట్యాంకు ఉండేది. ఇది జరిగి నాలుగేళ్ళయింది. ఇప్పటికీ దోహాలో ఏ కంపెనీ బస్సు పక్కనుంచి వెళ్ళినా, అది సరైన వైపే వెళ్తోందా లేదా అని ఒకసారి తల తిప్పి చూసుకుంటాను.

ముందు నా సంగతి చెప్పాలి. పేరు రత్నరాజు. మాది కోనసీమ. ఖతార్‌లో ఇళ్ళు కట్టే ఒక కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. అంటే ఇంజనీర్లు గీసిన డ్రాయింగుల్లో పాతవేవో కొత్తవేవో చూసి, సరైనదాన్ని మాత్రమే సైటుకి పంపించే మనిషిని. పొరపాటున పాతది పంపితే గోడ రావాల్సిన చోట కిటికీ వస్తుంది. అందుకని కాగితం మూలలో చీమ తలకాయంత అక్షరాలున్నా సరే, చదివిగానీ పంపకూడదు. చదవడమే నా ఉద్యోగం. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకోండి, కాసేపట్లో నన్ను తిట్టడానికి మీకు పనికొస్తుంది.

మా ఆవిడ గ్రేస్ నర్సు. మేం అల్ తుమామాలో రెండు గదుల ఫ్లాట్‌లో ఉంటాం. ఇంట్లో కారు ఆవిడదే, లైసెన్సూ ఆవిడదే. నాకున్నది ఆవిడ పక్క సీటు. శుక్రవారం అబూ హమూర్‌లో చర్చికి వెళ్ళినా, అటునుంచటు చేపల మార్కెట్టుకి వెళ్ళినా, బెల్టు పెట్టుకుని ఫోనులో తల దూర్చి కూర్చుంటాను. ఎక్కడో తల ఎత్తితే చర్చి ఉంటుంది, ఇంకోసారి ఎత్తితే చేపలుంటాయి. మధ్యలో రోడ్డనేది ఒకటుందని నాకు వినికిడి మాత్రమే.

ఇక మల్లేశం. జగిత్యాల దగ్గర ఏదో పల్లె. ఉమ్ సలాల్ వైపు మా కంపెనీ విల్లాలు కడుతున్న సైటులో హెల్పరు. నేను వారానికోసారి డ్రాయింగులు తీసుకుని అక్కడికి వెళ్ళేవాణ్ణి. ఒకరోజు స్లాబ్ మీద నుంచి ఎవరో తెలుగులో ఎండని తిడుతుంటే విని ఆగిపోయాను. ఆ తిట్టేవాడే మల్లేశం. అప్పట్నుంచి నేను వెళ్ళిన ప్రతిసారీ పరుగున వచ్చి నా చేతిలో కాగితాల చుట్టలు అందుకునేవాడు. ఊళ్ళో ఎనిమిదేళ్ళు లారీ తోలిన మనిషి. ఇక్కడ ఇటుకలు మోస్తున్నాడు.

ఆ మే నెలలో ఒక మంగళవారం వెళ్తే మనిషి మొహం వాడిపోయి ఉంది.

"ఏమైంది మల్లేశం, లైసెన్సు టెస్టుకి వెళ్తానన్నావు?"

"పోయిన సార్. ఫేలైన. పార్కింగ్ పాసు, సిగ్నల్స్ పాసు. గోల్ చక్కర్ కాడ ఆఫీసర్ హ్యాండ్ బ్రేక్ గుంజిండు."

"రౌండబౌట్ దగ్గరా? ఆయనెందుకు లాగాడు?"

"నేను ఆపలే గద సార్."

తర్వాత అసలు సంగతి చెప్పాడు. పనివాళ్ళని సైటుకి తిప్పే క్యాంపు బస్సు నడిపే ఆయన నెలాఖరుకి ఉద్యోగం మానేసి ఊరెళ్ళిపోతున్నాడు. వచ్చే వారం గురువారం మల్లేశానికి మళ్ళీ టెస్టు. పాసైతే బస్సు నీదేనని ట్రాన్స్‌పోర్టు ఇన్‌ఛార్జి మాటిచ్చాడు. పాసవకపోతే బయటనుంచి ఎవరినో తీసుకుంటారు, ఆ సీటు మళ్ళీ ఎన్నేళ్ళకి ఖాళీ అవుతుందో తెలియదు.

"ఇంకో ఎండకాలం ఆ స్లాబ్ మీద నాతోని కాదు సార్. పోయినేడు రెండుసార్లు కండ్లు తిరిగి పడ్డ. ఇంట్ల చెప్పలే. మా ఆమె ఏమో, దుబాయ్ల మా ఆయన ఏసీ బస్సు నడుపుతడని ఊరంత చెప్పుకున్నది."

ఖతారైనా కువైటైనా వాళ్ళ ఊరికి అంతా దుబాయేనట. ఆ మాట నవ్వుతూనే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు. అప్పుడు నేను ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. భుజం మీద చెయ్యి వేసి, "నువ్వేం బెంగపెట్టుకోకు, సాయంత్రం మా ఇంటికి రా. రౌండబౌట్ల సంగతి నేను చూసుకుంటాను" అన్నాను.

అతను నన్ను పైనుంచి కిందకి చూశాడు. "మీకు డ్రైవింగ్ వస్తదా సార్?"

"నాకు రాదు. కంప్యూటర్‌కి వచ్చు."

విషయమేమిటంటే, నా దగ్గర బస్సు నడిపే కంప్యూటర్ ఆట ఒకటుంది. దేశం వదిలి వెళ్ళిపోతున్న సహోద్యోగి ఒకాయన తన స్టీరింగ్ చక్రం, కాలి పెడల్స్ నాకు అంటగట్టి వెళ్ళాడు. చక్రాన్ని డైనింగ్ టేబుల్‌కి బిగించేవాణ్ణి. పెడల్స్ నేల మీద జారిపోకుండా వెనక సోనా మసూరి బియ్యం బస్తా అడ్డం పెట్టేవాణ్ణి. బ్రేకు గట్టిగా తొక్కితే బస్తా ఒక జానెడు వెనక్కి వెళ్ళేది. అది తప్పిస్తే అచ్చం బస్సే.

ఆ సాయంత్రం మల్లేశం వచ్చాడు, కూర్చున్నాడు, నడిపాడు. ఆట ఎక్కడో చలిదేశంలో తయారైంది. సన్నగా వాన, పచ్చిక, పచ్చికలో ఆవులు, అడపాదడపా ఒక రౌండబౌట్. చక్కగా నడిపాడు. గంటసేపు ఎక్కడా గుద్దలేదు.

"మంచిగుంది సార్. చక్కర్లు గూడ అచ్చం ఇక్కడి లెక్కనే ఉన్నయి. గిట్లనే వారం నేర్చుకుంటే పాసైత."

"అదెలా కుదురుతుంది? దోహాలో ఆవులున్నాయా?"

"నేను ఆవులను సూడ సార్. రోడ్డు సూస్త."

"అలా కాదు మల్లేశం. ఎండ కావాలి, ఇసక కావాలి, అరబ్బీ బోర్డులు కావాలి. టెస్టులో అవన్నీ ఒక్కసారి చూసేసరికి తడబడతావు. మూడురోజులు ఆగు, దీన్ని ఖతార్ చేసి చూపిస్తాను."

అతను ఇంకేదో అనబోయాడు. నేను వినలేదు. ఆ రోజుల్లో నాకు చెవులు అలంకారానికే ఉండేవి.

ఆటని ఖతార్ చెయ్యాలంటే మాడ్ కావాలి. అదేమిటో తెలియని వాళ్ళకి ఒక్క మాట. రెడీమేడ్ చొక్కా కొని, దర్జీ దగ్గర చేతులు కురచ చేయించి, జేబు కుట్టించుకుంటాం కదా. ఆటకి అలాంటి కుట్టుపని మాడ్. ఆట తయారుచేసినవాళ్ళు కాకుండా, దానిమీద ఇష్టంతో ఎవరో ఒకరు ఇంట్లో కూర్చుని కొత్త బస్సులు, కొత్త రోడ్లు తయారుచేసి అందరికీ పంచిపెడతారు. నేను వెతికితే సరిగ్గా గల్ఫ్ రోడ్ల మ్యాపు దొరికింది. ఇసక, ఖర్జూరం చెట్లు, నీళ్ళ ట్యాంకర్లు, అన్నీ ఉన్నాయి. బొమ్మలు చూసి ఒళ్ళు పులకరించింది. డౌన్‌లోడ్ మీట నొక్కాను.

'ఈ ఆట మీ దగ్గర లేదు' అంది.

"ఎదురుగా ఉంటే లేదంటావేంటి?" అన్నాను పైకే. మళ్ళీ నొక్కాను. మళ్ళీ లేదంది. కంప్యూటర్ ఆపి, తీసి, స్నానం చేసి వచ్చి నొక్కాను. స్నానం సంగతి దానికి పట్టలేదు.

మర్నాడు మా ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే షఫీ భాయ్ దగ్గరికి వెళ్ళాను. హైదరాబాదు ఆయన, యాభై దాటిన మనిషి, ఎవరు ఏ సమస్యతో వచ్చినా ముందు చాయ్ తెప్పించుకుంటాడు.

"ఆట ఏ దుకాణంల తీస్కున్నవ్?" అన్నాడు.

కంప్యూటర్ ఆటలు అమ్మే దుకాణాలు ఇంటర్నెట్టులో రెండు మూడున్నాయి. నేను తీసుకున్న దుకాణం ఒక వారం ఆ ఆట ఊరికే ఇచ్చింది. ఊరికే ఇస్తే నేను దేనికీ వద్దననని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆ మాటే చెప్పాను.

"అయితే మాఫీ," అన్నాడు షఫీ భాయ్. లేదు, కుదరదు, అన్నిటికీ గల్ఫ్‌లో అదొక్కటే మాట. "మాడ్ ఉన్నది వేరే దుకాణంల. అక్కడ ఆట కొన్నోళ్ళకే ఆ గది తలుపు తీస్తరు. బయటోళ్ళకు తియ్యరు."

"ఆట అదే కదా భాయ్. అదే బస్సు, అవే ఆవులు."

"ఆవులు అవే. దుకాణం వేరే. లేదా మళ్ళ ఒకసారి అక్కడ కొను, లేదా ఊకో. యల్లా, పని చూస్కో. కానీ రత్నం భాయ్, ఒక్క మాట. ఆ మాడ్ పక్క సైట్లల్ల వెతకకు. ఎవడెవడో తీస్కపోయి, ఏమేమో కలిపి పెడ్తడు."

కొనొచ్చు. అంత లేనివాణ్ణేం కాదు. కానీ టేబుల్‌కి చక్రం బిగించిన రోజున మా ఆవిడకి ఆట మాత్రం ఉచితమని పెద్ద ఉపన్యాసం ఇచ్చి ఉన్నాను. ఉచితంగా వచ్చినదాన్నే మళ్ళీ కొన్నానని ఆవిడకి తెలిస్తే ఆ ఏడాదంతా చర్చిలో ప్రతి కుటుంబానికీ నా గురించి ఒక సాక్ష్యం దొరుకుతుంది. కాబట్టి కొనలేదు. ఆ మ్యాపు తయారుచేసిన మహానుభావుడికి నేరుగా రాసుకుందామనుకున్నాను. ఆ దుకాణంలో అతనికి మాట రాయాలన్నా ఆట కొని ఉండాలట. ఎలాగో అతని మెయిల్ పట్టుకుని నాలుగు పేరాల విన్నపం పంపాను. అందులో మల్లేశం ఉన్నాడు, స్లాబ్ ఉంది, ఎండ ఉంది, కన్నీళ్ళు కూడా కొద్దిగా కలిపాను.

పాపం, జవాబు మర్యాదగా ఇచ్చాడు. 'మీ స్నేహితుడికి శుభాకాంక్షలు. నా మ్యాపు ఆ దుకాణంలో తప్ప ఇంకెక్కడా పెట్టలేదు. వేరేచోట కనిపిస్తే అది నాది కాదు, దయచేసి వాడకండి' అని రాశాడు.

తెలివున్నవాడికి ఇందులో కనిపించేది హెచ్చరిక. నాకు కనిపించింది ఆశ. 'వేరేచోట కనిపిస్తే' అన్నాడంటే వేరేచోట కనిపిస్తోందన్నమాట.

గురువారం, శుక్రవారం వెతికాను. మొదటి సైటులో డౌన్‌లోడ్ అని పచ్చగా మెరిసే మీటలు పన్నెండున్నాయి. అందులో పదకొండు వేరేవాటికి దారులు. ఒకటి నొక్కితే జుట్టు మొలిపించే నూనె వచ్చింది. ఇంకొకటి నొక్కితే వాతావరణం చెప్పే బొమ్మ ఒకటి వచ్చి తెర మూలలో కూర్చుంది, ఎంత బతిమాలినా దిగలేదు. ఏడాదంతా ఎండే కాసే ఊళ్ళో గంటకోసారి 'ఈరోజు ఎండ' అని చెప్పేది.

శుక్రవారం చర్చి నుంచి రాగానే గ్రేస్ డ్యూటీకి వెళ్ళిపోయింది. ఆ వారం పది రోజులూ ఆవిడది మధ్యాహ్నం డ్యూటీ, రాత్రికి గానీ ఇల్లు చేరేది కాదు. పులుసు వండి పెట్టి వెళ్ళేది, నేను వేడిచేసి మల్లేశానికి వడ్డించేవాణ్ణి. ఆవిడ ఇంట్లో లేకపోవడమే నా పతనానికి మూలమని ఇప్పుడు తెలుస్తోంది.

మల్లేశం అన్నం తింటుండగా ఒక ఫైలు దిగింది. ఆత్రంగా ఆటలో పెట్టాను.

"సార్, ప్యాసింజర్లకు తలకాయలు లేవు," అన్నాడు మల్లేశం ముద్ద మింగుతూ.

"ఉన్నాయనుకుని నడుపు."

"ఉన్నయనుకుంటే ఇంక భయమైతుంది సార్."

అది తీసేశాను. తర్వాతి దాంట్లో ప్రయాణికులకి తలలున్నాయి గానీ రోడ్డు లేదు. బస్సు గాలిలో కాసేపు వేలాడి, ఎటో కిందకి పడిపోతూ ఉండేది. మల్లేశం పళ్ళెం పక్కన పెట్టి, "ఇడువుర్రి సార్. ఆ వానలదే మంచిగుండె. ఆవులు నాకేం అడ్డం రాలే" అన్నాడు.

"నువ్వు మాట్లాడకు," అన్నాను. అప్పటికి అది మల్లేశం టెస్టు కాదు, నా పరువు.

మూడోది చిక్కింది. 'గల్ఫ్ మ్యాపు, ఏ దుకాణం ఆటకైనా సరిపోతుంది' అని రాసి ఉంది. దాంతోపాటు తప్పనిసరిగా ఇంకో ఫైలు కూడా వేసుకోమన్నాడు, అది లేకపోతే మ్యాపు తెరుచుకోదట. రెండూ దించాను. వాటితో పాటు 'ముందు ఇది చదవండి' అని ఒక చిన్న కాగితం కూడా వచ్చింది.

అయ్యా, చదవడమే ఉద్యోగంగా బతుకుతున్న మనిషిని కదా నేను. ఆ కాగితాన్ని తెరవకుండానే కంప్యూటర్ చెత్తబుట్టలో పడేశాను.

మ్యాపు తెరుచుకుంది. ఎండ. ఇసక. అరబ్బీ బోర్డులు. ఖర్జూరం చెట్ల మధ్య రౌండబౌట్. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయంటే నమ్మండి. అంతేకాదు, ఆ బస్సులో కూర్చుంటే ఎందుకో ప్రాణానికి హాయిగా ఉంది. స్టీరింగ్ ఉన్న చోటు, బస్సు పోయే తీరు, ఎదురు బండ్లు వచ్చే తీరు, అంతా చిన్నప్పుడు అమలాపురం బస్సులో ముందు సీట్లో కూర్చున్నట్టే ఉంది.

మీలో చాలామందికి ఇప్పటికే అర్థమై ఉంటుంది. నాకు ఇంకో ఆరు రోజులు పట్టింది.

మల్లేశం ఆ తెర వంక చాలాసేపు చూశాడు. తర్వాత నా వంక చూశాడు. మూడురోజులుగా నిద్రలేక ఎర్రబడ్డ నా కళ్ళు, మాసిన గడ్డం, టేబుల్ నిండా టీ కప్పులు, అన్నీ చూశాడు.

"ఎలా ఉంది?"

"మస్తుంది సార్. కానీ..."

"కానీ?"

"ఏం లేదు సార్. మంచిగుంది. శాన కష్టపడ్డరు."

మనిషి కృతజ్ఞతతో మాట రాక ఆగిపోయాడనుకున్నాను. ఇంకాస్త పులుసు వేశాను.

శనివారం నుంచి బుధవారం దాకా శిక్షణ. సాయంత్రం డ్యూటీ దిగగానే స్నేహితుడి పికప్‌లో వచ్చేవాడు. నేను పక్కన కుర్చీ వేసుకుని, చేతిలో స్కేలు పట్టుకుని కూర్చునేవాణ్ణి.

"రౌండబౌట్ వస్తోంది. ఎటు చూడాలి?"

మల్లేశం స్టీరింగ్ మీద చేతులు సర్దుకున్నాడు.

"కుడివైపు చూడు మల్లేశం. కుడినుంచి వచ్చేవాడికి దారివ్వాలి. ఇచ్చావా? ఇప్పుడు ఎడమకి తిప్పి లోపలికి వెళ్ళు. శభాష్."

ప్రతి రౌండబౌట్ దగ్గరా అతను ఒక్క క్షణం ఆగేవాడు. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు పెదాలు కదిపేవాడు. తర్వాత నేను చెప్పినట్టే చేసేవాడు.

"ప్రతిసారీ ఆ ఆలోచన ఏంటి? ఆలోచించకూడదు. అలవాటైపోవాలి."

"అలవాటైతేనే కష్టం సార్."

"అలవాటైతేనే సులువు. నువ్వు నడుపు."

బుధవారం నాటికి పది రౌండబౌట్లకి పదీ తప్పుల్లేకుండా తిరిగాడు. నేను లేచి చెయ్యి కలిపాను. ఆ రాత్రి ప్రార్థనలో మల్లేశం పేరు చెప్పాను, నన్ను సాధనంగా వాడుకున్నందుకు దేవుడికి కృతజ్ఞతలు కూడా చెప్పాను. వినేవాడికి ఎంత నవ్వొచ్చి ఉంటుందో.

గురువారం సెలవు పెట్టాను. పొద్దున్నే మల్లేశం ఫోన్ చేశాడు.

"సార్, డ్రైవింగ్ స్కూల్ కాడికొచ్చిన. ఫోన్లు తీసుకుంటున్నరు, లోపలికి పోతున్న."

"కుడి మర్చిపోకు."

"మర్వ సార్. జిందగీల మర్వ."

నాకు కూర్చోబుద్ధి కాలేదు. మల్లేశం అక్కడ నడుపుతుంటే నేనిక్కడ ఒక చుట్టు వేద్దామని బస్సు తీశాను. గ్రేస్ టీ కప్పు పట్టుకుని వచ్చి నా వెనక నిలబడింది. ఆ ఆట వైపు ఆవిడ చూడటం అదే మొదటిసారి.

"ఇదేనా అండీ మీరు ఆయనకి నేర్పింది?"

"ఇదే. ఎలా ఉంది మన దోహా?"

ఆవిడ టీ ఒక గుక్క తాగింది. "బానే ఉంది. మరి మీరేంటి ఎడమవైపు పోతున్నారు?"

"ఎడమవైపు పోక?"

"అందరూ ఎడమవైపే పోతున్నారేంటి?"

"రోడ్డు మీద ఎడమవైపే కదే పోతారు."

"ఎక్కడ పోతారండీ? అమలాపురంలో పోతారు. ఇక్కడ కుడివైపు పోతారు."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. కప్పు టేబుల్ మీద పెట్టింది. "నన్ను చూసి చెప్పండి. మన కారులో నేను ఏ పక్కన కూర్చుంటాను?"

ఆలోచించాను. ఆవిడ మొహం కుడి చెంప వైపు నుంచే నాకు గుర్తుంది. అంటే ఆవిడ నాకు ఎడమపక్క ఉంటుంది. అంటే స్టీరింగ్ ఎడమపక్క ఉంది. అంటే.

"ఏడేళ్ళండీ," అంది గ్రేస్. "ఏడేళ్ళుగా నా పక్కన కూర్చుంటున్నారు. బస్సులో పోతున్నారు. ఒక్కరోజైనా తలెత్తి చూడలేదా?"

స్టీరింగ్ వదిలేశాను. చెత్తబుట్టలోంచి ఆ చిన్న కాగితం తీసి చదివాను. అందులో రెండో లైనులోనే ఉంది. ఈ రెండో ఫైలు బండ్లన్నిటినీ ఇండియా పద్ధతిలో ఎడమవైపుకి మారుస్తుంది, మీ దేశంలో కుడివైపు నడిచే పనైతే దీన్ని వాడకండి అని స్పష్టంగా రాశాడు. అన్నిటికంటే ఘోరం ఏమిటంటే, ఆ వాన, ఆ ఆవులు, నేను ముట్టుకోకముందు ఉన్న ఆట, అందులో బండ్లు కుడివైపే వెళ్తాయి. అచ్చం ఖతార్‌లో లాగే. మల్లేశం మొదటిరోజే ఆ మాట చెప్పాడు. మూడురోజులు ఇంటర్నెట్టంతా దేవి, దొరకని దుకాణంలోంచి దొంగదారిలో తెచ్చి, బాగున్నదాన్ని నేను తప్పు చేసిపెట్టాను.

మల్లేశానికి ఫోన్ చేశాను. ఆఫ్. మళ్ళీ చేశాను. ఆఫ్. ఫోన్లు తీసేసుకుంటారని అప్పుడు గుర్తొచ్చింది.

"పదండి," అంది గ్రేస్, తాళాలు తీసుకుని.

ఆ ప్రయాణంలో మొదటిసారి నేను రోడ్డు చూశాను. నిజమే, అందరూ కుడివైపు పోతున్నారు. ఎంతమంది పోతున్నారో. ప్రతి రౌండబౌట్ దగ్గరా గ్రేస్ ఎడమవైపు తల తిప్పి చూసి, కుడికి తిప్పి లోపలికి వెళ్ళేది. నేను నేర్పినదానికి పూర్తిగా వ్యతిరేకం. నాకు కళ్ళముందు మల్లేశం కనపడ్డాడు. కుడివైపు చూస్తున్నాడు. ఎడమ నుంచి ట్యాంకర్ వస్తోంది. ఇతను పెదాలు కదుపుతూ, 'సార్ చెప్పిండు' అనుకుంటూ, ఎడమకి తిప్పుతున్నాడు.

"ఇంకొంచెం తొందరగా పోనివ్వు గ్రేస్."

"తొందరగా పోయి ఏం చేస్తారు? టెస్టు బండికి అడ్డంగా పడుకుంటారా?"

"ఆయన మళ్ళీ ఆ స్లాబ్ ఎక్కాలి. నా వల్ల." పోయినేడు రెండుసార్లు కళ్ళు తిరిగి పడ్డానని అతను చెప్పిన తీరే చెవుల్లో మోగుతోంది. గ్రేస్ ఎడమచేత్తో స్టీరింగ్ పట్టుకుని కుడిచెయ్యి నా చేతి మీద వేసింది.

డ్రైవింగ్ స్కూలు గేటు దగ్గర టెస్టు అయిపోయినవాళ్ళు ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. సగంమంది నవ్వుతూ, సగంమంది నేల చూస్తూ. మల్లేశం వచ్చాడు. నవ్వడం లేదు, నేలా చూడడం లేదు. మమ్మల్ని చూసి ఆగిపోయాడు.

"సార్, మీరెందుకొచ్చిండ్రు? అక్క గూడ వచ్చిందా?"

"మల్లేశం, నన్ను క్షమించు. నేను నీకు అంతా తప్పు నేర్పాను. ఆ మ్యాపు తప్పు. ఎడమ తప్పు, కుడి తప్పు. నా దగ్గర ఉన్న ఆట సరైనది, నేనే దాన్ని చెడగొట్టాను. ఇంకో అవకాశం ఇవ్వమని ఇన్‌ఛార్జితో నేను మాట్లాడతాను, కాళ్ళు పట్టుకుంటాను."

"ఎవరి కాళ్ళు సార్? పాసైన."

"ఏమిటీ?"

జేబులోంచి కాగితం తీసి చూపించాడు. మొత్తం చదివాను, మూలలో చిన్న అక్షరాలతో సహా. పాసే. గేటు పక్క గట్టు మీద కూలబడ్డాను. అంత హాయి నాకు జీవితంలో మళ్ళీ కలగలేదు. ఏడ్చానో నవ్వానో తెలియదు. గ్రేస్ నీళ్ళ సీసా ఇచ్చింది.

"మరి అంతా తప్పు నేర్పాను కదయ్యా."

మల్లేశం ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "నాకు ఎరికే సార్."

"ఎప్పట్నుంచి?"

"ఆ మ్యాపు తెరిచినప్పటి సంది. మొదటిపారి నేను ఫేలైందే గందుకు. లారీ తోలిన అలవాటున కుడి దిక్కు సూసిన, ఎడమ దిక్కు నుంచి బండి వచ్చింది. మల్ల గదే మీరు నేర్పవట్టిండ్రు."

"చెప్పొచ్చుగా!"

"ఎట్ల చెప్పాలె సార్? మూడొద్దులు నిద్ర లేకుండ నా కోసం ఆ కంప్యూటర్ తోని కొట్లాడిండ్రు. ఇంట్లకు పిలిచి కూడు పెట్టిండ్రు. నా సొంత తమ్ముడు గూడ గంత చెయ్యలే. తప్పని నోరు రాలే." నా చేతిలోంచి కాగితం తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. "కానీ సార్, మీ పుణ్యమే. ఇంతకుముందు నా పాత అలవాటు ఎప్పుడు మీదపడ్తదో తెల్వకుండె. ఇప్పుడు గోల్ చక్కర్ రాంగనే మీ గొంతు ఇనబడ్డది. 'కుడివైపు చూడు మల్లేశం' అని. ఇనంగనే ఎడమ దిక్కు సూసిన. 'ఎడమకి తిప్పు' అన్నరు. కుడికి తిప్పిన. 'శభాష్' అంటరేమోనని భయమైంది, అనలే. అయితే కరెక్టే అనుకుని పోయిన. ఆఫీసర్ మంచిగ నడిపినవన్నడు."

గ్రేస్ గేటు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. లోపలికి వెళ్తున్న వాళ్ళు, బయటికి వస్తున్న వాళ్ళు ఆగి చూస్తుంటే కూడా ఆపలేదు. నేను మాత్రం ఆ గట్టు మీద కూర్చునే, మండుటెండ సాక్షిగా, కుడిచెయ్యి ఏదో ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని పైకెత్తి ప్రమాణం చేశాను. ఇకమీదట ఆట ఒక దుకాణంలో తీసుకుని మాడ్ కోసం పక్క సందుల్లో దూరను. 'ముందు ఇది చదవండి' అన్న కాగితాన్ని ముందే చదువుతాను. నాకు రాని విద్య ఎవరికీ నేర్పను. ఇక అన్నిటికంటే గట్టిగా చేసిన ప్రమాణం ఒకటుంది, దాన్ని ఈ నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. సైటుకి వెళ్ళేటప్పుడు మల్లేశం బస్సులోనే ఎక్కుతాను, కానీ దిగేదాకా నోరు విప్పను. పొరపాటున నేను 'బ్రేకు వెయ్యి మల్లేశం' అన్నానంటే అతను ఏం తొక్కుతాడో నాకు తెలుసు, వెనక యాభైమంది కూర్చుని ఉంటారు.